అల్లిక కుర్చీలో బరువు ఎటు పోతుంది?

పాత కుర్చీ ఒకటి బాగుచేద్దామని, చివికిపోయిన దాని అల్లికను కత్తితో కోసి తీస్తున్నాను. ఆఖరి పోగులు తెగేదాకా కుర్చీ నిటారుగానే నిలబడింది. అవి తెగాక కాలు పట్టుకుని కదిపి చూస్తే నాలుగు కాళ్ళూ నాలుగు దిక్కులకు ఊగాయి. ఎక్కడా చెక్క విరగలేదు, పురుగు తొలవలేదు. అతుకులు ఎప్పుడో వదులైపోయాయి. అన్నాళ్ళూ వాటిని పట్టి ఉంచింది అల్లిక.

అల్లిక సీటున్న చెక్క కుర్చీ చేయాలన్నా, చేయించుకోవాలన్నా మనం మొదట అడిగేది చెక్క గురించే. ఏ చెక్క, ఎంత మందం, ఏ పాలిష్. అల్లికను ఆఖర్న కప్పే దుప్పటిలా చూస్తాం. గందరగోళమంతా అక్కడే మొదలవుతుంది. ఒకే చెక్కతో చేసిన రెండు కుర్చీల్లో ఒకటి ఏళ్ళతరబడి బిగువుగా ఉండి, రెండోది తొందరగా కుంగిపోతే తప్పు చెక్కదో తాడుదో తేల్చుకోలేం. నిజానికి ఈ కుర్చీలో అల్లిక కూడా కాళ్ళూ పట్టెల్లాగే ఒక అవయవం. దాన్ని అలా లెక్కలోకి తీసుకున్నప్పుడే మిగతా కొలతలకు అర్థం దొరుకుతుంది.

ఇదేమీ నిన్నమొన్నటి నిర్మాణం కాదు. న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో హత్నెఫెర్ అనే ఈజిప్టు స్త్రీ కుర్చీ ఉంది. క్రీ.పూ. 15వ శతాబ్దిది. చెక్క చట్రం, దాని మీద నారబట్ట దారాలతో పేనిన తాడు అల్లిక.

భాగాలూ వాటి పేర్లూ

నిలువుగా నాలుగు కాళ్ళు. వెనక రెండూ పైకి సాగి వీపు ఆనుకునే చట్రం అవుతాయి. కూర్చునే ఎత్తులో కాళ్ళను కలిపేవి పట్టెలు: ముందొకటి, వెనకొకటి, పక్కలకు రెండు. అల్లిక చుట్టుకునేది వీటికే. వాటి కింద కాళ్ళను కలుపుతూ సన్నటి అడ్డకర్రలు ఉంటాయి. వెనక కాళ్ళ మధ్య నిచ్చెన మెట్లలా ఉండేవి వీపుపట్టీలు. పట్టె కొనను సన్నగా చెక్కితే అది కుసి. కుసి మొదలయ్యే చోట మిగిలే మెట్టు భుజం. అది దిగడానికి కాలిలో తొలిచేది బెజ్జం. నులక మంచం చూసినవాళ్ళకు ఈ ఏర్పాటంతా తెలిసిందే. తేడా ఏమిటంటే, మంచం మీద పడుకున్న మనిషి బరువు పొడుగునా పరుచుకుంటుంది, కుర్చీలో అంతా ఒక్క జానెడు చోట దిగుతుంది. పైగా కుర్చీలో మనిషి వెనక్కి వాలతాడు.

కిందికి దిగే బరువు పక్కకు లాగుతుంది

చెక్క పలక మీద కూర్చుంటే పలక వంగకుండా ఎదురు నిలిచి బరువు మోస్తుంది. తాడుకు ఆ శక్తి లేదు. లాగితే బిగుసుకోవడం ఒక్కటే దానికి తెలుసు. బట్టలారేసే తీగను తలచుకోండి. తీగ కాస్త జారుగా ఉంటే తడి దుప్పటి వేసినా గుంజలు కదలవు. అదే తీగను బిర్రుగా లాగి కట్టి, అదే దుప్పటి వేస్తే గుంజలు లోపలికి వాలతాయి. దుప్పటి బరువు మారలేదు. తీగ కుంగడానికి చోటు తగ్గేకొద్దీ గుంజల మీద లాగుడు పెరిగింది.

కుర్చీలోనూ అంతే. బరువు సమంగా పరుచుకుందనుకుంటే లెక్క సులువు. బరువును పట్టెల మధ్య దూరంతో గుణించి, అల్లిక కుంగిన లోతుకు 8 రెట్లతో భాగించాలి. మనిషి 80 కిలోలు, ముందు వెనక పట్టెల మధ్య దూరం 36 సెంటీమీటర్లు, కుంగు 2 సెంటీమీటర్లు అనుకుందాం. 80 × 36 ÷ 16 = 180. అంటే 80 కిలోల మనిషి కూర్చుంటే పట్టెలను లోపలికి లాగే బలం 180 కిలోల బరువుకు సమానం. కుంగు 4 సెంటీమీటర్లయితే అది 90కి దిగుతుంది. అల్లిక రెండు దిక్కులా ఉంటుంది కాబట్టి ఈ లాగుడు రెండు జతల పట్టెలకూ పంచుకుపోతుంది. సగం సగం అనుకున్నా, 2 సెంటీమీటర్ల కుంగుతో ఒక్కో జత మీద పడేది మనిషి బరువు కంటే ఎక్కువే.

అల్లిక ఎంత బిర్రుగా ఉంటే అంత మంచిదన్న నమ్మకం ఇక్కడ తడబడుతుంది. కుంగని అల్లిక చూడ్డానికి బావుంటుంది, పట్టెలను మాత్రం విల్లులా వంచుతుంది. పట్టె మందం మీద అందుకే రాజీ పడకూడదు. గుండ్రటి పట్టె వంగకుండా నిలబడే శక్తి దాని అడ్డుకొలతను నాలుగుసార్లు వేసి ఒకదానితో ఒకటి గుణించినట్టు పెరుగుతుంది. 25 మిల్లీమీటర్ల పట్టెను 30కి పెంచితే చెక్క సగానికి తక్కువే ఎక్కువ పడుతుంది, గట్టిదనం మాత్రం రెట్టింపవుతుంది.

ఈ లాగుడులోనే ఒక మేలు కూడా ఉంది, నా పాత కుర్చీని నిలబెట్టింది అదే. అల్లిక ముందు పట్టెనూ వెనక పట్టెనూ దగ్గరికి లాగుతుంది. వాటితోపాటు ముందు కాళ్ళూ వెనక కాళ్ళూ దగ్గరికి రావాలని చూస్తాయి. వాటి మధ్య అడ్డంగా ఉన్నవి పక్క పట్టెలు. కాబట్టి పక్క పట్టెల కుసులు బెజ్జాల్లోకి ఇంకా లోతుగా నొక్కుకుంటాయి. అడ్డంగా బిగిసిన పోగులు ముందు వెనక పట్టెల కుసులకూ అదే పని చేస్తాయి. మనిషి లేచి వెళ్ళిపోయినా అల్లేటప్పటి బిగువు ఉంటుంది కాబట్టి ఈ నొక్కుడు రాత్రీ పగలూ సాగుతూనే ఉంటుంది. కింది అడ్డకర్రలకు ఈ సాయం అందదు. అల్లిక కుర్చీల్లో ముందుగా వదులయ్యేవి తరచు అవే. పక్కలకు ఒక్కొక్కటి కాకుండా రెండేసి పెట్టడం వెనక కారణం ఇదే.

అల్లికను బట్టి చట్రం

అల్లిక అనే ఒక్క మాట కింద ఒకదానికొకటి పొత్తులేని పద్ధతులు చాలా ఉన్నాయి. ముఖ్యమైనవి మూడు.

మొదటిది నీటిగడ్డితో అల్లేది. జమ్ము, తుంగ లాంటి గడ్డిని తడిపి, పేనుతూ, పట్టెల చుట్టూ తిప్పుతారు. పోగు ముందు పట్టె మీదుగా వెళ్ళి, కిందినుంచి పైకొచ్చి, పక్క పట్టె మీదుగా దిగి, అడ్డంగా అవతలి మూలకు పోతుంది. నాలుగు మూలలనుంచి నాలుగు త్రికోణాలు మధ్యకు పెరుగుతూ వస్తాయి. దీనికి పట్టె గుండ్రంగానో, అంచులు నున్నగా మలిచో ఉండాలి. పదునైన అంచు మీద పోగు ఒరుసుకుని అక్కడే తెగుతుంది. గడ్డికి బదులు పేనిన కాగితపు తాడు కూడా వాడతారు. డెన్మార్క్ రూపకర్త హాన్స్ వెగ్నర్ 1949లో గీసిన విష్‌బోన్ కుర్చీ సీటుకు పట్టేది సుమారు 120 మీటర్ల కాగితపు తాడు. కాగితం అనగానే నాసిరకం అనుకుంటాం. గట్టిగా మెలిపెట్టిన కాగితపు పోగు దశాబ్దాలు మోస్తుంది. దానికి పడనిది ఒరుపూ, నీళ్ళలో నానడమూ.

రెండోది పేము. పేము తీగ పైతొక్కను సన్నటి బద్దలుగా చీల్చి, పట్టెల్లో తొలిచిన రంధ్రాల గుండా అల్లుతారు. నిలువు, అడ్డం, మళ్ళీ నిలువు, మళ్ళీ అడ్డం, ఆపైన రెండు ఏటవాలు వరసలు. ఆరు వరసలు పూర్తయ్యేసరికి మధ్యలో అష్టభుజాల కిటికీలు తేలతాయి. అంచును కప్పే కట్టుతో ఏడో మెట్టు ముగుస్తుంది. పేమును తడిపి అల్లుతారు, ఆరుతూ అదే బిగుసుకుంటుంది. ఇక్కడ పట్టె పాత్ర పూర్తిగా మారిపోతుంది. గుండ్రటి కర్ర పనికిరాదు, వెడల్పాటి చదును పట్టె కావాలి. ఎందుకంటే చెక్క నారలు నడిచే దిశలోనే సుమారు 12 మిల్లీమీటర్లకొక రంధ్రం చొప్పున వరసగా తొలుస్తాం. తపాలా బిళ్ళల మధ్య చిల్లుల వరస ఎందుకుంటుందో మనకు తెలుసు. రంధ్రాలు లోపలి అంచుకు మరీ దగ్గరైతే పట్టె ఆ గీత వెంబడే చీలుతుంది.

మూడోది నవారు. అమెరికాలోని షేకర్ అనే క్రైస్తవ సమాజంవాళ్ళు 19వ శతాబ్దిలో రంగురంగుల నవారుతో గళ్ళ అల్లిక వేశారు. నేర్చుకోవడానికి అన్నిటికంటే సులువు, పట్టెలను కోసే గుణమూ తక్కువ.

గడ్డి అల్లికకు చేసిన చట్రానికి మనసు మార్చుకుని పేము వేయలేం. అల్లిక ఏదో తేల్చుకోకుండా పట్టె గీయడం, ఏ పాదమో తెలియకుండా చెప్పు కుట్టడమే.

ముందు వెడల్పు, వెనక ఇరుకు

కూర్చున్నప్పుడు తొడలు ముందుకు విచ్చుకుంటాయి. అందుకే సీటు ముందు వెడల్పుగా, వెనక ఇరుగ్గా ఉంటుంది. అల్లేవాడికి వచ్చే మొదటి చిక్కు అదే. పోగులు సమాంతరంగా పోవాలి, పక్క పట్టెలేమో ఏటవాలుగా ఉన్నాయి.

కాళ్ళ మధ్య ఖాళీ ముందు 44, వెనక 34, పక్కలకు 36 సెంటీమీటర్లు ఉన్న కుర్చీ తీసుకుందాం. తాడు మందం 5 మిల్లీమీటర్లు. ముందు వెనకల తేడా 10, అంటే ఒక్కో ముందు మూలలో 5 సెంటీమీటర్లు పూడ్చాలి. 5 మిల్లీమీటర్ల తాడుకు అది 10 చుట్లు. ఈ చుట్లకు తాడు వెనక్కి పోదు. ఒక పక్క పట్టెకు బిగించి, ఆ ముందు మూల, అవతలి ముందు మూల చుట్టి, రెండో పక్క పట్టెకు కట్టేస్తారు. అవి పూర్తయ్యాక ముందూ వెనకా 34 చొప్పున సమానమవుతాయి. కానీ ఆ చుట్లు పక్క పట్టెల మీద కూడా 5 సెంటీమీటర్లు తినేశాయి, అక్కడ మిగిలింది 31.

ఇప్పుడు నాలుగు మూలలూ చుట్టే అసలు అల్లిక. ఒక్కో పూర్తి చుట్టు ఒక్కో పట్టెను రెండు కొనల్లోనూ 5 మిల్లీమీటర్ల చొప్పున, అంటే మొత్తం 1 సెంటీమీటరు కప్పుతుంది. 31 చుట్లకు పక్క పట్టెలు నిండిపోతాయి. ముందూ వెనకా ఇంకా 3 సెంటీమీటర్లు ఖాళీ. దాన్ని ముందునుంచి వెనక్కి 8 అంకెలా తిప్పుతూ 6 పోగులతో నింపుతారు. ఇలాంటి సీట్ల నడిమధ్యలో కనిపించే ఆ చిన్న గీత ఎవరో అలంకారానికి పెట్టింది కాదు, ఈ కూడికతీసివేతల్లో మిగిలిన శేషం. పూర్తి చుట్టు ఒక్కొక్కటి సగటున రెండుంపావు మీటర్లు తింటుంది. మూలల పూడ్పుతో కలిపి మొత్తం అటూఇటూగా 80 మీటర్ల తాడు.

అదే చట్రానికి పేమైతే లెక్క రంధ్రాల్లో చూడాలి. 12 మిల్లీమీటర్ల ఎడంతో ముందు 37, వెనక 29 పడతాయి. రెండూ బేసి సంఖ్యలే కావాలి, అప్పుడే నడిమి రంధ్రానికి నడిమి రంధ్రం ఎదురొస్తుంది. ముందు ఎక్కువగా ఉన్న 8లో అటు 4, ఇటు 4 వరసలు పక్క పట్టెల రంధ్రాల్లో ముగుస్తాయి.

కుసి ఎందుకు వదులవుతుంది

చెక్క చచ్చిన వస్తువులా కనిపిస్తుంది గానీ గాలిలో తేమను పీలుస్తూ వదులుతూ ఉంటుంది. తేమ శాతం అంటే, పూర్తిగా ఎండిన చెక్క బరువుతో పోలిస్తే అందులో ఉన్న నీటి బరువు ఎంత అని. తేమ పెరిగితే చెక్క ఉబ్బుతుంది, తగ్గితే కుంచించుకుపోతుంది. అన్ని దిక్కులా ఒకేలా మాత్రం కాదు. నారల పొడుగునా దాదాపు కదలదు. అడ్డంగా కదులుతుంది. అందులోనూ చెట్టు వలయాల వెంబడి కదిలేది, నడిమినుంచి బెరడు వైపు కదిలేదానికి సుమారు రెట్టింపు.

16 మిల్లీమీటర్ల కుసి తీసుకోండి. తేమ 5 శాతం మారితే, గట్టి చెక్కల్లో వలయాల వెంబడి కొలత పావు మిల్లీమీటరుకు పైగా మారుతుంది. రెండో దిక్కున అందులో సగం. పావు మిల్లీమీటరంటే బిగువైన అతుకుకీ కదిలే అతుకుకీ ఉన్న తేడా.

వానలప్పుడు కుసి ఉబ్బుతుంది. బెజ్జం గోడలు చోటివ్వవు, నారలు నలుగుతాయి. ఎండలు వచ్చాక కుసి సన్నబడుతుంది, నలిగినంత మేరకు మొదటికంటే ఎక్కువే సన్నబడుతుంది. ఇలా ఏటేటా తిరిగే చక్రం కుసిని కొంచెం కొంచెంగా అరగదీస్తుంది. ఎవరూ తన్నకుండానే కుర్చీ ఊగడం మొదలయ్యేది ఇలా.

పాత పనివాళ్ళు దీన్ని తలకిందులు చేసి వాడుకున్నారు. పట్టెలను వేడిలో బాగా ఎండబెట్టి కుసి చెక్కేవారు. కాళ్ళలో కొంచెం పచ్చిదనం ఉంచేవారు. బిగించాక కుసి గాలిలో తేమ తాగి ఉబ్బుతుంది, కాలు ఆరుతూ బెజ్జాన్ని కుదిస్తుంది. రెండూ ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. అయితే కాలి పొడుగున చెక్క కదలదు కాబట్టి బెజ్జం పక్కలనుంచే బిగుస్తుంది, పైనుంచీ కిందనుంచీ కాదు. అందుకే కుసిని దించేటప్పుడు కొన మీది వలయాల గీతలు అడ్డంగా ఉండేలా తిప్పుతారు. ఎక్కువ కదిలే దిక్కు పక్కలకు, తక్కువ కదిలే దిక్కు పైకీ కిందికీ వస్తుంది. కొనను ఒక్క పావు చుట్టు తిప్పి పెట్టడమే తేడా. కుర్చీ పూర్తయ్యాక బయటికి కనిపించదు, తెలిసిన చెయ్యి మాత్రం మరచిపోదు.

ఇంకో ఉపాయం: ఒకే కాలిలోకి ముందు పట్టే పక్క పట్టే రెండూ రావాలి. బెజ్జాలు ఒకే ఎత్తులో ఉంటే లోపల ఢీకొంటాయి. ఒకదాన్ని రెండోదానికంటే సుమారు సెంటీమీటరు ఎత్తులో పెట్టి, అంచులు మాత్రం కలిసేలా చూస్తారు. మొదటి కుసి దిగాక రెండో బెజ్జం తొలిస్తే, బరమా మొదటి కుసి అంచులో చిన్న గాడి కోస్తుంది. రెండో కుసి ఆ గాడిలో కూర్చుంటే, కాలు ముక్కలైతే తప్ప మొదటిది ఊడి రాదు.

బంక వాడాలా వద్దా

ఇక్కడ పనివాళ్ళు రెండుగా చీలిపోతారు. బంక అక్కర్లేదనేవాళ్ళ వాదన పైన చెప్పినదే: తేమ తేడా, గాడి పట్టు, అల్లిక నొక్కుడు కలిస్తే చాలు. బంక కావాలనేవాళ్ళు చెప్పేదాంట్లోనూ నిజముంది. తేమ తేడా ఒక్కసారి ఇచ్చే బహుమతి, తర్వాత రెండు చెక్కలూ ఒకే గాలి పీలుస్తాయి. పైగా కాలు మరీ పచ్చిగా ఉంటే ఆరేటప్పుడు బెజ్జం దగ్గరే పగులుతుంది. ఎండబెట్టిన కోత చెక్కే దొరికే చోట ఈ పద్ధతి అసలు కుదరదు.

రెండింటికీ మధ్య సరేసు ఉంది. జంతువుల చర్మంనుంచి తీసే పాత బంక. గట్టిగా పడుతుంది, వేడి నీళ్ళూ ఆవిరీ తగిలితే వదులుతుంది. ఎన్నేళ్ళకైనా అతుకు విప్పి సరిచేయొచ్చు. ఇలాంటి కుర్చీకి నా మొగ్గు దానివైపే. కానీ ఎప్పుడూ తేమగా ఉండే చోట అది నమ్మదగ్గది కాదు, అక్కడ నేటి బంకలదే పైచేయి.

గుండ్రటి చట్రం తీర్చిన చిక్కు

నలుచదరం చట్రంలో పట్టెలు లోపలికి వంగుతాయి. చట్రం గుండ్రంగా ఉంటే? చుట్టూ అన్ని వైపులనుంచీ లోపలికి లాగితే వలయం వంగదు, తనలో తాను నొక్కుకుంటుంది. నొక్కుడుకు చెక్క బాగా ఆగుతుంది. ఫర్నిచర్ తయారీదారు మైకేల్ థోనెట్ 1859లో తెచ్చిన 14వ నంబరు కుర్చీలో ఆవిరితో వంచిన బీచ్ అనే చెట్టు చెక్క వలయం, దానిలో పేము అల్లిక ఉన్నాయి. అంత సన్నటి వలయం అంత బరువు మోయడం వెనక ఈ పొందిక ఉంది. కుర్చీ మొత్తం ఆరు చెక్క భాగాలు, పది మరలు, రెండు నట్లు. విడదీసిన 36 కుర్చీలు ఒక ఘనమీటరు పెట్టెలో పట్టేవి.

నలుచదరాన్నే ఉంచి సన్నదనాన్ని అంచుదాకా తీసుకెళ్ళినవాడు ఇటలీ రూపకర్త జియో పోంటి. 1957 నాటి సూపర్‌లెగ్గెరా కుర్చీ యాష్ అనే చెట్టు చెక్కతో, పేము సీటుతో, 1.7 కిలోలే తూగుతుంది. పలక సీటు వేసుంటే ఆ తూకం దక్కేది కాదు.

తొడ కోరేది, తాడు కోరేది

సీటు ఎత్తు సాధారణంగా 43–45 సెంటీమీటర్లు. లోతు 38–42, మోకాలి వెనక మూడు నాలుగు వేళ్ళ ఖాళీ మిగిలేలా. వెనక పట్టె ముందుదానికంటే 1–2 సెంటీమీటర్లు కిందికి, వీపు సీటుతో 95–105 డిగ్రీలు. ఇవి ఏ కుర్చీకైనా దాదాపు ఒకటే.

అల్లిక సీటుకు ప్రత్యేకమైన చిక్కు ముందు పట్టె. అల్లిక కుంగితే పట్టెల మీద లాగుడు తగ్గుతుందని చూశాం. కానీ అది కుంగగానే ముందు పట్టె గట్టులా పైకి తేలి తొడల కింద ఒత్తుతుంది. చట్రం అడిగేది కుంగు, తొడ అడిగేది చదును. కొందరు ముందు పట్టెను మధ్యలో కొద్దిగా కిందికి వంపు తీస్తారు. కొందరు దాన్ని పెద్ద గుండ్రంతో మలిచి ఒత్తిడిని పరుస్తారు. రెండు మూడు సెంటీమీటర్ల కుంగు దగ్గర చాలామంది ఆగుతారు.

పేములో చేతి అల్లికా, మిల్లులో నేసిన రేకా అన్న వాదన కూడా తరచు వింటాం. రేకును బంక రాసిన గాడిలో నొక్కి, బద్ద కొట్టి బిగిస్తారు. గంటల్లో అయిపోతుంది. చేతి అల్లికలో ప్రతి పోగూ తన రంధ్రాన్ని పట్టుకుని లాగుతుంది, ఒకటి తెగినా పక్కవి నిలుస్తాయి. రేకులో పట్టంతా గాడి అంచుదే, అక్కడ బంక వదిలితే సీటంతా ఒకేసారి లేచొస్తుంది. అందం రెండింటిదీ ఒకటే. ఏది వేయాలో పట్టెలో గాడి ఉందా రంధ్రాలున్నాయా అన్నదే చెబుతుంది.

చట్రం బతికినన్నాళ్ళు అల్లిక బతకదు. రంధ్రాలు ఆరపారా తొలిస్తే పాత పోగును కిందినుంచి పొడిచి తీయొచ్చు. సగం లోతుకే తొలిచి బంకతో నింపిన రంధ్రాలను మళ్ళీ తవ్వుకోవాలి. గీసేటప్పుడే ఇది చూసుకోవాలి.

ఆ పాత కుర్చీ కుసులు గోకి శుభ్రం చేసి సరేసుతో బిగించాను. తాడు చుట్టడం మొదలుపెట్టాక తొలి చుట్లకు చట్రంలో మార్పేమీ తెలియలేదు. సగం దాటాక వెనక కాలి దగ్గర చిన్నగా టక్కుమంది. వేలు పెట్టి చూశాను. పక్క పట్టె భుజానికీ కాలికీ మధ్య అప్పటిదాకా గోరు పట్టిన సందు మూసుకుపోయింది.